మగ మంచు

ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నా చేతిలో ఉన్నవి రెండే. ఒకటి, షిగర్ బజారులో మా నాన్న కొట్టు నుంచి తెచ్చుకున్న ఇనుప కాటా. రెండోది, గడప దాటగానే అత్త నా చేతికిచ్చిన చీపురు. కాటా నాది. చీపురు హాజిరాది. దాని పిడి ఒక పక్కన నున్నగా అరిగి ఉంది. ఆమె ఎడమచేతి వాటం మనిషని ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసిపోయింది.

హాజిరా మా ఆయన తఖీ మొదటి భార్య. నేను రావడానికి రెండేళ్ళ ముందు, రంజాన్ ఇరవై ఒకటో ఉపవాసం నాడు, కొండలెక్కేవాళ్ళకి వంట చేయడానికి కింది నుంచి వచ్చిన ఒక వంటవాడితో పారిపోయిందట. అది హజ్రత్ అలీ దుఃఖదినం. ఊరంతా మసీదులో ఏడుస్తున్న రోజున పోయిందని ఆమె తప్పుని ఇంకా పెద్దది చేసి చెప్పేవారు. ఈ సంగతి మా నాన్నకి పెళ్ళికి ముందే చెప్పారు. సరుకులో లోపం ముందుగా చెప్పేవాళ్ళంటే ఆయనకి గౌరవం. అందుకే ఒప్పుకున్నాడు. నాలుగేళ్ళ రుఖయ్యాని వదిలి పోయిందని కూడా చెప్పారు. నేను వచ్చేసరికి ఆ పిల్లకి ఆరేళ్ళు. నన్ను చూసి, నేను కప్పుకున్న శాలువా చూసి, "అది మా అమ్మది" అంది. అత్త పెట్టెలోంచి తీసి కప్పిన శాలువా అది.

పని విషయంలో మాత్రం ఆ ఇంట్లో హాజిరా పేరు ధారాళంగా వినిపించేది. యవల పిండి ముద్ద కాస్త గట్టిపడితే, "హాజిరా కలిపితే నోట్లో కరిగేది" అనేది అత్త. ఊరి పైన పరుచుకున్న రాళ్ళకి అవతల కొండ మీద మాకు బ్రోక్ ఉంది, వేసవిలో పశువుల్ని ఉంచే పచ్చిక. అక్కడికి వెళ్ళొచ్చి నేను కాళ్ళు చాపుకుంటే, "హాజిరా రోజుకు రెండుసార్లు వెళ్ళొచ్చేది, ఉపవాసంలో కూడా" అనేది. "అది నోరెత్తేది కాదు" అని మా ఆయన అందుకునేవాడు. అలా పొగిడినంతసేపు పొగిడి, చివరికి ఇద్దరూ ఒకే మాట దగ్గర ఆగేవారు, "ఏం లాభం, పారిపోయింది" అని. గిన్నెలు తోముతూ వినేదాన్ని. ఒక మనిషి రోజుకు ఎన్ని మోపుల కట్టెలు తెచ్చేదో, ఎన్ని బిందెల నీళ్ళు మోసేదో ఇంత కచ్చితంగా తెలిసినవాళ్ళకి ఆమె దేనికి నవ్వేదో, ఏది ఇష్టంగా తినేదో తెలియదు. నేను అడిగి చూశాను. "తినేది, ఏది మిగిలితే అది" అంది అత్త.

పెట్టె అడుగున ఆమె మంచి బూట్లు ఉన్నాయి. వెండి తావీజు ఉంది. నేను బేరాలు చేసే ఇంట్లో పెరిగినదాన్ని. దూరం పోయేవాళ్ళు ఏం కట్టుకుపోతారో, ఏం వదిలేస్తారో చూసినదాన్ని. వెండి వదిలేసి, చిరిగిన బూట్లు తొడుక్కుని ఎవరూ కొత్త కాపురానికి పోరు. మొదటి ఏడాదే ఆ మాట అన్నాను. తొందరలో మర్చిపోయి ఉంటుందిలే అంది అత్త. మళ్ళీ అడగలేదు. బూట్లు నా కాలికి సరిపోయాయి. తొడుక్కున్నాను. ఆ బూట్లలో నడుస్తుంటే నా అడుగుల వెనకే మరో జత అడుగులు పడుతున్నట్టు ఉండేది. వెనక్కి తిరిగి చూడకుండా ఉండటం అలవాటు చేసుకున్నాను.

మా ఊరి పైన రెండు మంచులున్నాయి. తెల్లగా మెరిసేది మో-గాంగ్, ఆడ మంచు. నీళ్ళిచ్చేది అదే, పెరిగేది అదే, కదిలేది అదే, మనుషుల్ని మింగేదీ అదే. రాళ్ళు కప్పుకుని నల్లగా పడి ఉన్నది పో-గాంగ్, మగ మంచు. అది నీళ్ళివ్వదు, కదలదు, ఎవరి జోలికీ పోదు. మా పెద్దలు అలాగే చెప్పారు. నీళ్ళు లేని లోయలో కొత్త మంచు పుట్టాలంటే రెండింటి ముక్కలూ మోసుకెళ్ళి, బొగ్గు పొడి వేసి, పెళ్ళి చేసినట్టు పక్కపక్కన పాతిపెడతారు. ఆ పెళ్ళికి ఆడవాళ్ళని రానివ్వరు. ఇక నల్లదాని చివరి భాగం మా ఇళ్ళకి అరగంట నడక. దాన్ని మంచు అని కూడా అనరు. రాళ్ళు అంటారు. "రాళ్ళు దాటి బ్రోక్‌కి వెళ్ళొచ్చాను" అంటారు. హాజిరా కనబడకుండా పోయినప్పుడు ఊరి మగవాళ్ళు ఒకటిన్నర రోజు వెతికారట. తెల్లదాని మీదైతే పగుళ్ళలో తాళ్ళు వేసి వెతికేవారు. రాళ్ళ మీద ఏం వెతుకుతారు, రాళ్ళు మనిషిని మింగవు కదా. అదే వారం వంటవాడు జీపెక్కి వెళ్ళిపోయాడు. ఒక ఆడమనిషి కనబడలేదు, ఒక మగాడు వెళ్ళిపోయాడు. ఊరు ఆ రెండిటినీ కలిపి కూడేసింది.

రెండేళ్ళ కిందట స్కర్దూ పట్నం నుంచి షహర్‌బానో వచ్చింది. కింద మైదానాల్లో చదువుకున్న పిల్ల. ఉపగ్రహం పంపే బొమ్మలతో ఈ రాళ్ళ కింద మంచు ఎంతవరకు ఉందో గీత గీయడం ఆమె పని. మామూలు బొమ్మలో రాళ్ళు కప్పిన మంచుకీ, పక్కన ఉన్న కొండకీ తేడా కనబడదట, రెండూ రాళ్ళే కాబట్టి. ఈ ఉపగ్రహం కంటితో చూడదని చెప్పింది. పైనుంచి ఒక కేక వేసి, అది తిరిగి వచ్చే తీరు వింటుంది. మబ్బు పట్టినా, చీకటైనా దానికి అడ్డు లేదు. పన్నెండు రోజులకొకసారి అదే దారిలో వచ్చి అదే కేక వేస్తుంది. రెండు జవాబులూ ఒకేలా ఉంటే నేల నిలకడగా ఉన్నట్టు, బొమ్మలో తెల్లగా వస్తుంది. జవాబు చెదిరితే కదిలినట్టు, నల్లగా వస్తుంది. నాకు వెంటనే అర్థమైంది. ఒకే బస్తాని రెండుసార్లు తూచడం. తూకం మారిందంటే బస్తాకి ఎక్కడో చిల్లు ఉంది.

ఆమె ఏడు రేకు మూలలు నిలబెట్టించింది. మూడు రేకుల్ని గది మూలలాగ అతికించి ఆకాశం వైపు తిప్పిన వస్తువులవి. ఉపగ్రహానికి వాటి జవాబు గట్టిగా వినిపిస్తుంది. పక్క కొండ గట్టు మీద రెండు, రాళ్ళ మీద ఐదు. చలికాలంలో మూలలో మంచు పేరుకుంటుంది, వేసవిలో దుమ్మూ గులకరాళ్ళూ చేరతాయి. ఉపగ్రహం వచ్చే ముందు రోజు సాయంత్రంలోగా ఎవరైనా వెళ్ళి శుభ్రం చేసి, ఒరిగినవాటిని నిటారుగా నిలబెట్టాలి. కాపలాదారుగా మా ఆయన పేరు రాశారు. ఆయనకి టోపీ ఇచ్చారు, జీతం ఇచ్చారు. మొదటి రోజే టోపీ పెట్టుకుని ఊరంతా తిరిగొచ్చి, "అక్కడ ఊడ్చే పని ఉంది, వెళ్ళు" అన్నాడు. ఊడవడం మగవాళ్ళ పని కాదు కదా. అలా హాజిరా చీపురు పట్టుకుని, హాజిరా బూట్లు తొడుక్కుని పన్నెండు రోజులకొకసారి రాళ్ళ మీదికి వెళ్ళడం మొదలుపెట్టాను. తిరిగొచ్చాక ఆయన కాగితం మీద సంతకం పెట్టేవాడు. నాతో ఒక్కసారీ రాలేదు. బద్ధకం అనుకున్నాను.

ఆ రాళ్ళ మీద ఒంటరిగా ఉంటే ఊరి మాటలు నిలబడవు. కింద ఎక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు. ఒక చోట వినబడి, పది అడుగులు వేస్తే ఆగిపోయి, మళ్ళీ ఇంకో చోట, ఇంకా లోతుగా. ఎవరూ తాకని రాయి తనంతట తాను దొర్లుతుంది. ఒకసారి రెండో రేకు దగ్గర వంగి ఊడుస్తుంటే, కింద గిన్నె మీద గిన్నె పెట్టినట్టు చప్పుడైంది. వంటింట్లో ఎవరో పని చేసుకుంటున్నట్టే ఉంది. చీపురు పక్కన పెట్టి కూర్చున్నాను. భయం వేయలేదని చెప్పను. కానీ భయం కన్నా ముందు వచ్చిన ఆలోచన వేరు. ఇక్కడ కూడా పనేనా, అక్కా, అనుకున్నాను. అంతవరకు ఆమెని మనసులో కూడా అలా పిలవలేదు.

నా లెక్క నేను వేసుకున్నాను. గట్టు మీది రెండు రేకులూ ఎప్పుడు చూసినా ఎదుటి కొండ మీది చీలికకి సూటిగా ఉండేవి. రాళ్ళ మీది ఐదూ జరుగుతూ వచ్చాయి. తాడుకి ముడులు వేసి కొలిచాను. ఏడాది తిరిగేసరికి రెండో రేకు పదకొండు మీటర్లు కిందికి వచ్చింది. ఊరి వైపుకి. కదలని మగ మంచు, కదులుతోంది.

ఈ ఏడాది వేసవిలో షహర్‌బానో ఊళ్ళో మా కొట్లో ఉప్పు బస్తా మీద కంప్యూటరు పెట్టి బొమ్మ చూపించింది. కొట్టు బోర్డు మీద మా ఆయన పేరుంటుంది, లోపల నేనుంటాను. లోయ రెండు వైపులా తెల్లగా ఉంది. మధ్యలో మేం రాళ్ళు అనేది మొత్తం నల్లగా, మా యవల పొలం గట్టుకి ఆరు వందల అడుగుల దూరం దాకా వచ్చి ఆగింది.

"పాత బొమ్మలు కూడా ఉంటాయా?" అని అడిగాను.

"తొమ్మిది, పదేళ్ళవి ఉంటాయక్కా. ఎందుకు?"

తారీఖు నేను వెతుక్కోనక్కర్లేదు. ఇరవై ఒకటో ఉపవాసం. ఆమె వేళ్ళతో లెక్క కట్టి, ఆ రోజుకి ముందు వచ్చిన బొమ్మ ఒకటి, తర్వాతది ఒకటి తీసింది. మొదటిదాంట్లో బ్రోక్‌కి వెళ్ళే దారి పక్కన మరక లాంటిది ఉంది. నిలవ నీరు అలా కనిపిస్తుందట, కేకకి జవాబివ్వదు కాబట్టి. రాళ్ళ మధ్య మడుగు. పన్నెండు రోజుల తర్వాతి బొమ్మలో మడుగు లేదు. అది ఉన్న చోటా, దారి ఉన్న చోటా రాళ్ళు కుప్పకూలి కలిసిపోయాయి. మడుగు అడుగున మంచు తెగి, నీళ్ళన్నీ ఒక్కసారిగా లోపలికి పోయి, పైనున్నది కూలి ఉంటుందని షహర్‌బానో చెప్పింది. ఆ పన్నెండు రోజుల్లో ఏ రోజో చెప్పలేనంది.

"ఇది తూకం కాదక్కా. అంచనా."

"అంచనా మీదే కదమ్మా మేం సరుకు కొనేది," అన్నాను.

ఆమెకి అప్పుడు హాజిరా సంగతి చెప్పాను. నాకు తెలిసినదంతా వరసగా పెట్టుకుంటే, ఎప్పుడో అత్త నోట జారినవే. ఆ రోజు పొద్దున హాజిరా ఒకసారి బ్రోక్‌కి వెళ్ళొచ్చింది. సాయంత్రం మసీదు నుంచి వచ్చేవాళ్ళు మా ఇంట్లో ఉపవాసం విడవాలి. ఉప్పు టీలోకి వెన్న చాలదు. మళ్ళీ వెళ్ళు, కాళ్ళు అరిగిపోవులే, అని మా ఆయన అన్నాడు. పొద్దుటినుంచి నీళ్ళు కూడా తాగని మనిషి మళ్ళీ రాళ్ళ మీదికి వెళ్ళింది. ఆమె పారిపోయి ఉంటే తప్పు ఆమెది. రాళ్ళ కింద ఉంటే తప్పు పంపినవాళ్ళది. రెండిట్లో ఆ ఇంటికి ఏది తేలికో చెప్పడానికి కాటా అక్కర్లేదు.

చచ్చిన మనిషి పేరు కోసం నేను ఇంట్లో తగువు పెట్టుకునేదాన్ని కాదేమో, రుఖయ్యా లేకపోతే. ఊరి బడిలో ఎనిమిదితో చదువు అయిపోయింది. స్కర్దూలో ఆడపిల్లల హాస్టల్లో చోటు దొరికింది. టీచరమ్మ కాగితం కూడా పంపింది. మా ఆయన కాగితం చూడకుండానే మడిచేశాడు. "తల్లి కాళ్ళే దానికీ వచ్చాయి. ఇంట్లోనే ఉంటుంది," అన్నాడు. ఆ పిల్ల వెళ్ళి పొయ్యి దగ్గర బూడిద ఎత్తింది. ఏడో ఏట నుంచి అది ఏ పనికి వెళ్ళినా, ఎంతసేపయింది, ఎక్కడున్నావు అని లెక్క అడిగారు. పదమూడేళ్ళు వచ్చేసరికి అది నడిచేటప్పుడు చప్పుడు రాకుండా నడవడం నేర్చుకుంది. హాస్టల్లో చేరడానికి గడువు పది రోజులు.

ఆ పది రోజుల్లోనే, మా ఇంటి వాకిట్లో పటం చూపించే సమావేశం పెట్టారు. కాపలాదారు మా ఆయన కాబట్టి మా ఇల్లు. మగవాళ్ళు కింద, ఆడవాళ్ళు మిద్దె మీద ఆరబెట్టిన ఆప్రికాట్ల మధ్య. షహర్‌బానో గోడకి పటం తగిలించి, మంచు ఎక్కడిదాకా ఉందో గీత చూపించింది.

హాజీ కాజిమ్ అని మా ఊరి పెద్ద, గడ్డం నిమురుకుంటూ లేచాడు. "అమ్మా, చదువుకున్నదానివి, కాదనను. కానీ మంచు అదిగో, తెల్లగా కనబడే చోట ఆగిపోతుంది. ఇవతలివి రాళ్ళు. వాటి కింద ఏదన్నా ఉన్నా అది మగది. చచ్చినట్టు పడి ఉంటుంది. ఎవరినీ మింగదు."

"మా ఇంట్లోది కూడా చచ్చినట్టే పడి ఉంటుంది, కానీ మూడు పూటలా మింగుతుంది," అంది మిద్దె మీద నా పక్కన కూర్చున్న సక్కీనా. ఆడవాళ్ళు శాలువాలు అడ్డం పెట్టుకుని నవ్వారు.

షహర్‌బానో దగ్గర ఇంకో కాగితం ఉంది. ఈ మంచుల మీద ప్రాణం పోయినవాళ్ళ పేర్లు, ఏ పని మీద వెళ్ళారో రాయాలి. బ్రోక్ దారి ఎటు మళ్ళించాలో తేల్చడానికి అది కావాలట. తెల్లదాని మీద పోయిన నలుగురు మగవాళ్ళ పేర్లు చెప్పారు. వేటకి ఒకరు, సామాను మోతకి ముగ్గురు. నల్లదాని మీద ఎవరన్నా ఉన్నారా అని అడిగింది. ఎవరూ లేరన్నారు.

నేను మిద్దె అంచుకి వచ్చాను. సరుకు విప్పడానికి ఇంతకన్నా మంచి సంత మళ్ళీ రాదు.

"హాజీ సాబ్, మా ఆయన్ని అడగండి, రెండో రేకు ఇప్పుడు ఎక్కడుందో," అన్నాను.

తలలన్నీ పైకి లేచి, మళ్ళీ మా ఆయన వైపు తిరిగాయి. ఆయన టోపీ సర్దుకున్నాడు. "పెట్టిన చోటే ఉంది," అన్నాడు.

షహర్‌బానో పటం మీద రెండు చుక్కలు చూపించింది. పెట్టిన చోటు, ఇప్పుడున్న చోటు. నేను తాడు కిందికి వదిలాను. ముడులు లెక్క పెట్టుకోమన్నాను. రెండేళ్ళు ఊడ్చింది నేనని, ప్రతి ముడీ నా చేత్తో వేశానని చెప్పాను. హాజీ కాజిమ్ తాడుని చేతుల్లోకి తీసుకుని, వేళ్ళ సందున ముడులు జరుపుతూ చివరిదాకా వెళ్ళాడు.

"నల్లదాని మీద ఒకరున్నారు," అన్నాను. "రాసుకో షహర్‌బానో. హాజిరా. ఇరవై నాలుగేళ్ళు. రంజాన్ ఇరవై ఒకటో రోజు. వెన్న కోసం వెళ్ళింది."

ఆ సాయంత్రం మా ఇంట్లో టీ తాగినవాళ్ళు సగం మంది అక్కడే ఉన్నారు. వెన్న రాకపోతే నూనె వేసి ఇచ్చారట, అది కూడా వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. షహర్‌బానో పెన్ను కాగితం మీద నడిచిన చప్పుడు మిద్దె మీదికి వినిపించింది. హాజీ కాజిమ్ తాడు మడిచి, ఒళ్ళో పెట్టుకుని, "పోయిన మనిషికి ఫాతిహా చదవండి," అన్నాడు, నేల వైపు చూస్తూ.

అందరూ వెళ్ళాక మా ఆయన తలుపు మూశాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "నా పరువు తీశావు," అన్నాడు.

"రుఖయ్యా స్కర్దూ వెళ్తుంది," అన్నాను.

"వెళ్ళదు. నేను కాగితం మీద వేలు కూడా పెట్టను."

"అయితే ఎల్లుండి ఉపగ్రహం వస్తుంది. రేపు రేకులు మీరు ఊడ్చి రండి. టోపీ మీదే కదా." చీపురు తెచ్చి ఆయన ముందు గోడకి ఆనించాను.

ఆయన చీపురు వైపు చూశాడు. తర్వాత కిటికీలోంచి రాళ్ళ వైపు చూశాడు. చూసిన వెంటనే మొహం తిప్పేసుకున్నాడు. ఏడేళ్ళ కాపురంలో నాకు ఆ క్షణం దాకా తట్టలేదు. ఆయన బ్రోక్‌కి ఎప్పుడూ పైదారిన, నాలుగు గంటలు చుట్టు తిరిగి వెళ్తాడు. పశువు తప్పిపోయినా రాళ్ళ మీదికి నన్నే పంపుతాడు. అది బద్ధకం కాదు.

"మీకు తెలుసు," అన్నాను.

"మర్నాడు పొద్దున నేనే ముందు వెళ్ళాను. దారి లేదు. రాళ్ళు తడిగా ఉన్నాయి. వాన పడలేదు," అన్నాడు. హాస్టల్ కాగితం కోసం అల్మారా తెరిచాడు. సంతకం పెట్టాడు.

అత్త పొయ్యి దగ్గర అంతా వింది. నా వైపు తిరగకుండానే, పిండి కలుపుతూ అడిగింది.

"ఎంత దూరం వచ్చింది?"

"వంద మీటర్లు వచ్చి ఉంటుందత్తా. తొమ్మిదేళ్ళు కదా."

అత్త పిండిలోంచి చేతులు తీయలేదు.

జీపు ఎక్కించే రోజు పొద్దున రుఖయ్యా నాతో పాటు గట్టు దాకా వచ్చింది. దానికి లెక్క చెప్పాను. మీ అమ్మ ఉన్న చోటి నుంచి, మంచు కరిగి తను మోసుకొచ్చినదాన్ని బయటపెట్టే చివరికి ఇంకా ఐదు వందల మీటర్లుంది, ఏడాదికి పదకొండు చొప్పున నలభై ఐదేళ్ళు, ఎండలు ఇలాగే కాస్తే ఇంకా ముందే కావచ్చు, అసలు లెక్కే తప్పు కావచ్చు అని కూడా చెప్పాను. అబద్ధపు తూకం దానికి ఇవ్వదలచుకోలేదు.

"అప్పటికి నాకు యాభై ఎనిమిది," అంది. రాళ్ళ వైపు చూసి, "అమ్మకి ఇరవై నాలుగే ఉంటాయి," అంది.

"అవును."

"అయితే నాకన్నా చిన్నది. నేనే చూసుకోవాలి," అంది. తర్వాత రాళ్ళ మీదికి గట్టిగా, చప్పుడయ్యేలా నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి జీపెక్కింది.

దానికి మూడు నెలలైంది. ఇంట్లో పనికి ఒక జత చేతులు తగ్గాయి, ఆ పని నా మీదే పడింది. మా ఆయన టోపీ మేకుకి తగిలించే ఉంది, నాతో అవసరానికి మించి మాట్లాడడు. షహర్‌బానో హాజరు కాగితం మీద నా పేరు వేయించింది. వాటిని లాభమనో నష్టమనో తేల్చుకునే తీరిక నాకింకా చిక్కలేదు. ఒక్కటి మాత్రం తూచగలను. కొట్లోకి ఉప్పుకీ, అగ్గిపెట్టెకీ వచ్చే ఆడవాళ్ళు సరుకు అందుకుని వెంటనే వెళ్ళడం లేదు. గడప దగ్గర ఆగుతున్నారు. తొమ్మిదేళ్ళుగా హాజిరా ఎవరితో పోయిందని అడిగిన ఊరు, ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చిందని అడుగుతోంది. నేను సంపాదించింది అది.